2147483647 అనే ప్రధాన సంఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

2147483647 గురించి మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తున్నాయి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు ఒకలా అడుగుతారు, కోడింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇంకోలా అడుగుతారు, తీరా చూస్తే ఇద్దరి ప్రశ్నా ఒకే సంఖ్య మీద. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: ఈ సంఖ్యకి కంప్యూటర్లలో వచ్చిన పేరు వేరు, ప్రధాన సంఖ్యగా దానికున్న విలువ వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

## మొదటిసారి చూస్తున్నవాళ్లకు

అసలు ఈ సంఖ్యలో ఏముంది? ఎలా చదవాలి?

214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ముప్పై ఒక్క రెండ్లని గుణిస్తే 2147483648 వస్తుంది, అందులో ఒకటి తీసేస్తే మన సంఖ్య, అంటే 2³¹ − 1. బైనరీలో, అంటే 0, 1 అనే రెండే అంకెలతో రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. 1, అదే సంఖ్య తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించదు. 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యల్ని లెక్కపెట్టుకుంటూ వస్తే ఇది 105097565వది. అంటే దీని ముందు పది కోట్ల యాభై లక్షలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయన్నమాట.

మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు, ఎవరీ మెర్సెన్?

మారిన్ మెర్సెన్ ఫ్రాన్స్‌లో ఒక క్రైస్తవ సన్యాసి, ఆ కాలపు గణిత శాస్త్రజ్ఞులందరితో ఉత్తరాలు నడిపినవాడు. 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే ఎప్పుడెప్పుడు ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో ఒక జాబితా ఇచ్చాడు: ఘాతం 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినప్పుడు వస్తుందని. ఇందులో 67, 257 తప్పు. 61, 89, 107 ఉండాల్సింది, అవి వదిలేశాడు. 31 మాత్రం సరైనదే. అయితే ఆయన నిరూపించలేదు, ఉంటుందని చెప్పాడంతే. ఈ రకం ప్రధాన సంఖ్యల్లో మనది ఎనిమిదోది.

31 ప్రధాన సంఖ్య కాబట్టి 2³¹ − 1 కూడా ప్రధాన సంఖ్య అయిపోతుంది కదా?

అయిపోదు. ఇది ఎక్కువమంది పొరబడే చోటు, కాస్త నిదానంగా చూడండి.

ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం ఖచ్చితంగా సంయుక్తమే. 2¹⁵ − 1 తీసుకోండి, బైనరీలో 15 ఒకట్లు. వాటిని మూడేసి చొప్పున విడగొడితే 111 111 111 111 111 అని సమానంగా ఐదు ముక్కలొస్తాయి, బైనరీలో 111 అంటే 7 కాబట్టి మొత్తం సంఖ్యని 7 భాగిస్తుంది (32767 = 7 × 31 × 151). 31 ఒకట్లని మాత్రం ఇలా సమాన ముక్కలు చేయలేం. దీన్నిబట్టి తేలేది ఆ ఒక్క దారి మూసుకుపోయిందని మాత్రమే, వేరే కారణాంకాలు ఉండవని కాదు. ఘాతం 11 పెట్టి చూడండి: 11 ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఇటలీకి చెందిన కటాల్దీ ఘాతం 17, 19 అయినప్పుడు ప్రధాన సంఖ్యలొస్తాయని సరిగ్గా తేల్చి, ఆ ఊపులో 23, 29, 31, 37 కూడా అంతేనన్నాడు. ఆ నాలుగింటిలో నిలబడింది 31 ఒక్కటే. 2²⁹ − 1ని 233 భాగిస్తుంది, 2³⁷ − 1ని 223 భాగిస్తుంది. కాబట్టి 31 దగ్గర ప్రధాన సంఖ్య రావడం ఊరికే తేలిన విషయం కాదు, ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సి వచ్చింది.

ఒకప్పుడు ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదేనా?

అవును. 1772లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు నిరూపించినప్పటి నుంచి 1850ల దాకా, అంటే దాదాపు ఎనభై ఏళ్లు, దీన్ని మించిన ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు. 1876లో లూకస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని తేల్చాడు, అది 39 అంకెల సంఖ్య. 2024 అక్టోబర్‌లో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో అయితే 41024320 అంకెలున్నాయి, నాలుగు కోట్ల పైమాటే. మన పది అంకెల సంఖ్య ఇప్పుడు చాలా చిన్నది. అయినా మనిషి చేత్తో పూర్తిగా సరిచూడగలిగే పరిమాణంలో ఉండి ఇంత పని చేసే ప్రధాన సంఖ్య ఇంకోటి లేదని నా అభిప్రాయం.

## ప్రధాన సంఖ్యే అని తేల్చడం ఎలా

కంప్యూటర్ లేని రోజుల్లో ఆయిలర్ ఇంత పెద్ద సంఖ్యని ఎలా పరీక్షించాడు?

భాగహారాలు చేసే. కాకపోతే దేనితో భాగించాలో ముందే బాగా వడపోశాడు.

ఒక సంఖ్యకి కారణాంకం ఉంటే, వాటిలో ఒకటి దాని వర్గమూలాన్ని మించదు. 2147483647 వర్గమూలం 46340కి కాస్త పైన, కాబట్టి అంతవరకు చూస్తే చాలు. అయినా అక్కడిదాకా నాలుగు వేలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి, ఒక్కోదానితో పది అంకెల సంఖ్యని చేత్తో భాగించడమంటే ఎన్నాళ్లు పడుతుందో ఊహించండి. ఆయిలర్ గమనించింది ఏంటంటే, ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలి. 46340 లోపల ఆ రెండు రకాల సంఖ్యలు 372 మాత్రమే (63ని లెక్కలోకి తీసుకోలేదు, అది 7 × 9 కదా). అందులోనూ 249, 497, 559 లాంటివి సంయుక్తాలు, వాటిని కొట్టేయొచ్చు. నిజంగా పరీక్షించాల్సిన మొదటి సంఖ్య 311. చేసి చూద్దాం: 311 × 6905092 = 2147483612, మిగిలింది 35, భాగించలేదు. ఆ తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 1303, దానితో చేస్తే 226 మిగులుతుంది, అదీ భాగించలేదు. ఇలా చివరిదాకా వెళ్తే ఏదీ భాగించదు, కాబట్టి ప్రధాన సంఖ్య.

ఈ ఫలితాన్ని 1772లో బెర్నూలీ అనే గణితజ్ఞుడికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. అప్పటికి ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ సంగతి తలుచుకున్న ప్రతిసారీ ఆయన మీద గౌరవం పెరుగుతుంది నాకు.

కారణాంకం ఉంటే 62తో భాగిస్తే 1 మిగలాలి అని పుస్తకంలో ఉంది. ఎందుకు?

ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1ని భాగిస్తోంది అనుకుందాం. అప్పుడు 2, 4, 8, 16 అంటూ రెండు ఘాతాల్ని దానితో భాగించి శేషాలు రాసుకుంటూ పోతే 31వ అడుగులో శేషం 1 అవుతుంది. 31 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకు ముందే 1 రావడం కుదరదు, అంటే శేషాల చక్రం పొడవు సరిగ్గా 31. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఈ చక్రం పొడవు, మనం అనుకున్న ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ సంఖ్యని భాగించి తీరాలి. ఆ సంఖ్య ఎలాగూ సరి సంఖ్యే. 31తోనూ 2తోనూ భాగించబడేది 62తో భాగించబడుతుంది, కాబట్టి కారణాంకాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి.

ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2, కానీ 2³² అంటే 2¹⁶ వర్గమే. అంటే 2 అనేది ఒక వర్గం మిగిల్చే శేషం అన్నమాట. అలా జరగాలంటే ఆ ప్రధాన సంఖ్యని 8తో భాగించినప్పుడు 1 లేదా 7 మిగలాలని తెలిసిన విషయమే. ఈ రెండు షరతులూ కలిపితేనే 248తో భాగించగా 1 లేదా 63 మిగలాలి అనే నియమం వస్తుంది.

లూకస్–లెమర్ పరీక్ష చిన్నగా చెప్పండి, భాగహారాలేవీ చేయక్కర్లేదా?

ఒకే ఒక్క సంఖ్యతో శేషాలు తీస్తాం, కారణాంకాల వేట ఉండదు. 4తో మొదలుపెట్టండి. ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేయండి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ముందు 2⁵ − 1 = 31 మీద చేయండి: 4, తర్వాత 14, తర్వాత 194 అంటే శేషం 8, తర్వాత 62 అంటే శేషం 0. మూడు అడుగుల్లో సున్నా వచ్చింది, అయిపోయింది. 2147483647కి 29 అడుగులు కావాలి: 4, 14, 194, 37634, 1416317954, ఇక్కడి నుంచి శేషాలు తీయడం మొదలవుతుంది, 29వ అడుగులో సరిగ్గా సున్నా. నేడు కోట్ల అంకెల మెర్సెన్ సంఖ్యల్ని చివరగా ఖరారు చేసేది కూడా ఈ పరీక్షతోనే. మెర్సెన్ రకానికి మాత్రమే పనిచేస్తుంది, ఏ సంఖ్యకి పడితే ఆ సంఖ్యకి వాడకండి. ఏ సంఖ్యకైనా పనికొచ్చి, అడుగుల సంఖ్య అదుపులో ఉండే ఖచ్చితమైన పద్ధతిని 2002లో మన కాన్పూర్ ఐఐటీ వాళ్లే చూపించారు, మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా.

నేను రాసిన జావా ప్రోగ్రామ్ దీన్ని ప్రధాన సంఖ్య కాదంటోంది, అదీ చాలాసేపు తిరిగి. తప్పెక్కడ?

మీ లాజిక్ సరైనదే అయ్యుంటుంది, తప్పు గుణకారంలో ఉంది. 2 నుంచి మొదలుపెట్టి, భాజకాన్ని భాజకంతోనే గుణిస్తే వచ్చేది మన సంఖ్యని మించనంతవరకు లూప్ తిప్పమని రాసి ఉంటారు, అన్నీ ఇంట్ రకం (2147483647 దాకా మాత్రమే పట్టే పూర్ణ సంఖ్య) వేరియబుల్స్ పెట్టి. భాజకం 46340 దగ్గర ఉన్నప్పుడు వర్గం 2147395600, ఇంకా ఇంట్‌లో పడుతుంది. 46341 దగ్గర అసలు వర్గం 2147488281, ఇది ఇంట్‌లో పట్టదు, జావాలో తిరగబడి −2147479015 అయిపోతుంది. రుణ సంఖ్య మన సంఖ్య కంటే తక్కువే కదా, కాబట్టి లూప్ ఆగదు. అసలు ఏ ఇంట్ విలువా 2147483647ని మించలేదు, అందువల్ల ఆ షరతు ఎప్పటికీ తప్పు కాదు. చివరికి భాజకం పెరిగి పెరిగి 2147483647 దాకా వస్తుంది, తనని తాను భాగించుకుంటుంది, శేషం సున్నా, "ప్రధాన సంఖ్య కాదు" అని తేల్చేస్తుంది.

సవరణ తేలిక. గుణించి పోల్చే బదులు భాగించి పోల్చండి: భాజకం విలువ, సంఖ్యని భాజకంతో భాగిస్తే వచ్చే భాగఫలాన్ని మించనంతవరకు లూప్ తిరగాలి. లేదా గుణకారం లాంగ్ రకంలో (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే 64 బిట్ల రకం) చేయండి. జవాబు కళ్లు మూసి తెరిచేలోపు వస్తుంది. సీ భాషలో అయితే ఇలా పట్టకుండా పోయినప్పుడు ఏం జరుగుతుందో భాషే హామీ ఇవ్వదు, అక్కడ ఇంకా జాగ్రత్త.

## సంఖ్య లోపలి లక్షణాలు

దీనికి కవల ప్రధాన సంఖ్య ఉందా?

లేదు. రెండు తక్కువైతే 2147483645, చివర 5 కాబట్టి 5 భాగిస్తుంది. రెండు ఎక్కువైతే 2147483649, దీన్ని 3 భాగిస్తుంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. ఈ ప్రాంతంలో సగటున ఇరవై ఒకటి, ఇరవై రెండు సంఖ్యలకి ఒక ప్రధాన సంఖ్య తగులుతుంది, కాబట్టి 18, 12 అనే ఈ ఎడాలు మామూలే.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా, 13 = 4 + 9 లాగా?

రాయలేం. 4తో భాగిస్తే 3 మిగులుతుంది. ఏ వర్గాన్నైనా 4తో భాగిస్తే 0 లేదా 1 మిగులుతుంది, రెండు కలిపినా 3 రాదు.

పరిపూర్ణ సంఖ్యలతో దీనికేం సంబంధం?

తనని తప్ప మిగతా భాజకాలన్నీ కలిపితే తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య, 6 = 1 + 2 + 3 లాగా. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ కాలం నుంచే తెలుసు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ అలా వచ్చినవేనని తర్వాత నిరూపించింది ఆయిలరే. మన సంఖ్యని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది, ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య ఇదే. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎప్పటికీ దొరకదని, ఎందుకంటే ఇవి ఉపయోగం లేని వింతలు కాబట్టి ఎవరూ వెతకబోరని రాశాడు. 1876లో లూకస్ ఫలితంతో ఆ మాట చెల్లకుండా పోయింది. ఉపయోగం లేదన్నది ఎంత తప్పో ఈ రోజు ఎవరికీ చెప్పక్కర్లేదు.

2147483647నే మళ్లీ ఘాతంగా పెట్టి ఒకటి తీసేస్తే ఇంకా పెద్ద ప్రధాన సంఖ్య వస్తుందా?

ఆశ కలిగే మాట వాస్తవమే, ఎందుకంటే మన సంఖ్యే అలా పుట్టింది: 2⁵ − 1 = 31, ఆ 31ని ఘాతంగా పెడితే 2147483647. అలాగే 3 నుంచి 7, 7 నుంచి 127, 127 నుంచి 2¹²⁷ − 1 వస్తాయి. ఇలా రెండంతస్తుల ప్రధాన సంఖ్యలు ఇప్పటిదాకా ఈ నాలుగే తెలుసు. మన సంఖ్యని ఘాతంగా పెడితే వచ్చేది అరవై నాలుగు కోట్లకు పైగా అంకెలున్న సంఖ్య, కానీ అది ప్రధాన సంఖ్య కాదు. దాన్ని 295257526626031 భాగిస్తుంది. కారణాంకం ఘాతానికి రెట్టింపుతో భాగిస్తే 1 మిగలాలి కదా, సరిచూసుకోండి: 2 × 68745 × 2147483647కి 1 కలిపితే సరిగ్గా ఇదే వస్తుంది. ఒక్క కాగితం మీద పట్టే లెక్క.

## కంప్యూటర్లలో

ప్రధాన సంఖ్య కాబట్టే దీన్ని ఇంట్ గరిష్ఠ విలువగా పెట్టారా?

కాదు. ఇంట్‌కి 32 బిట్లు, అంటే ఒక్కోదానిలో 0 గానీ 1 గానీ పట్టే గళ్లు; అందులో ఒకటి ధన, రుణ గుర్తు కోసం పోతే 31 మిగులుతాయి, అన్నీ ఒకట్లయితే వచ్చే విలువ ఇది, అంతే. 31 ప్రధాన సంఖ్య కావడం, ఆపైన 2³¹ − 1 కూడా ప్రధాన సంఖ్య కావడం యాదృచ్ఛికం. పక్క సైజులు చూస్తే అర్థమవుతుంది: 16 బిట్ల గరిష్ఠ విలువ 32767ని 7 భాగిస్తుంది, 64 బిట్ల గరిష్ఠ విలువ 9223372036854775807నీ 7 భాగిస్తుంది. 8 బిట్ల 127 మాత్రం మళ్లీ ప్రధాన సంఖ్యే.

మా డేటాబేస్‌లో కస్టమర్లందరి ఫోన్ నంబర్లూ 2147483647 అయి కూర్చున్నాయి! హ్యాక్ అయ్యిందా?

టెన్షన్ పడకండి, హ్యాక్ కాదు. ఫోన్ నంబర్ కాలమ్‌ని ఇంట్‌గా పెట్టారు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు, ప్రతిదీ 214 కోట్లని దాటేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువ ఇస్తే తప్పని ఆపేసే అమరిక) ఆపి ఉంటే పట్టని విలువకి బదులు గరిష్ఠ విలువ రాసేస్తుంది. పాత నంబర్లు ఆ టేబుల్ నుంచి తిరిగి రావు, బ్యాకప్‌లోనో ఫారాల్లోనో వెతుక్కోవాలి. కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి, ఫోన్ నంబర్లతో కూడికలు చేసేదేం లేదు కదా.

2038లో కంప్యూటర్లు ఆగిపోతాయంటున్నారు, ఈ సంఖ్య వల్లేనా?

1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లని 32 బిట్లలో దాచుకునే పాత వ్యవస్థల గోల అది. 2147483647వ సెకను మన టైమ్‌లో 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి వస్తుంది. ఆ తర్వాతి సెకనులో లెక్క తిరగబడి 1901 డిసెంబర్‌కి పోతుంది. 64 బిట్లకి మారినవాటికి ఏ ఇబ్బందీ లేదు. ప్రధాన సంఖ్య కావడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మరి ప్రధాన సంఖ్య కావడం వల్ల నిజంగా పనికొచ్చే చోటు ఏదైనా ఉందా?

ఉంది, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడంలో. లెమర్ పద్ధతి అంటారు: చేతిలో ఉన్న సంఖ్యని 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషాన్ని తర్వాతి సంఖ్యగా తీసుకోవడం. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658 అంటూ వెళ్తుంది. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా పెట్టుకోమన్నారు, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఇప్పటికీ ఉంది.

ఇక్కడ సంఖ్య రెండు గుణాలూ పనికొస్తాయి. ప్రధాన సంఖ్య కాబట్టి శేషం ఎప్పుడూ సున్నా అయిపోదు, గుణకం సరిగ్గా ఎంచుకుంటే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చాకే చక్రం మళ్లీ మొదలవుతుంది. బైనరీలో అన్నీ ఒకట్లు కాబట్టి శేషం తీయడానికి భాగహారమే అక్కర్లేదు: 2³¹ని దీనితో భాగిస్తే 1 మిగులుతుంది, అందుకని పై బిట్లనీ కింది 31 బిట్లనీ విడగొట్టి కలిపేస్తే చాలు. చేసి చూడండి. 282475249 × 16807 = 4747561509943. ఇందులో 2³¹ పూర్తిగా 2210 సార్లు ఉంది, మిగిలేది 1622647863. రెండూ కలిపితే 1622650073, పైన వరసలో మూడోది అదే. ఒకవేళ కూడిక 2147483647ని దాటితే ఒక్కసారి తీసేయాలి. పాత యంత్రాల్లో భాగహారానికి చాలా సమయం పట్టేది, కాబట్టి ఈ సుళువు చిన్నది కాదు.

16807 అనే గుణకమే ఎందుకు?

16807 అంటే 7⁵. 2147483646ని విడగొడితే 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. 7 ఘాతాల శేషాలు మధ్యలో ఎక్కడా 1 దగ్గరికి తిరిగి రాకుండా మొత్తం 2147483646 అడుగులూ నడుస్తాయి. 2 అయితే 31 అడుగుల్లోనే తిరిగొచ్చేస్తుంది. 7 మరీ చిన్నది, వరస సంఖ్యలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు వస్తాయి, అందుకే దాని ఐదో ఘాతం తీసుకున్నారు. 5 పై కారణాంకాల్లో లేదు కాబట్టి చక్రం పొడవు తగ్గదు. తర్వాత 48271 ఇంకా మంచిదని తేల్చి దాన్ని కూడా వాడుతున్నారు.

అయితే ఓటీపీలకీ, పాస్‌వర్డ్‌లకీ ఇదే వాడుకోవచ్చా?

వద్దు. ఒక్క విలువ బయటికి తెలిస్తే తర్వాత వచ్చేవన్నీ ఎవరైనా లెక్కగట్టేస్తారు, ఎందుకంటే తర్వాతి సంఖ్య దాని మీదే ఆధారపడుతుంది. ఆటలకీ, సిమ్యులేషన్లు నేర్చుకోవడానికీ వాడుకోండి. సమాచారాన్ని రహస్యంగా దాచే ఆర్ఎస్ఏ లాంటి డిజిటల్ తాళాలకి కూడా ఈ ప్రధాన సంఖ్య చాలదు, అక్కడ ఒక్కో ప్రధాన సంఖ్యే మూడు వందల అంకెల పైన ఉంటుంది. ఓటీపీలకి మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్రమైన రాండమ్ ఫంక్షన్ ఉంటుంది, దాన్నే పిలవండి.